దగ్గరి పట్టణం ఏది?
మిల్వాకీ కౌంటీ తీర్మానంపై ఒక దైవశాస్త్ర విమర్శ

2019 మే 20న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన మిల్వాకీ కౌంటీ ఎగ్జిక్యూటివ్ క్రిస్ ఏబెలీ ఒక తీర్మానంపై సంతకం చేశారు. జాతివివక్ష ఒక ప్రజారోగ్య సంక్షోభమని ఆ తీర్మానం ప్రకటించింది. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా పరిషత్తు వంటి ఎన్నికైన స్థానిక ప్రభుత్వం. అంతకు ముందటి సంవత్సరం విస్కాన్సిన్ పబ్లిక్ హెల్త్ అసోసియేషన్ ఇదే మాట చెప్పింది. అయితే అది వృత్తి నిపుణుల సంస్థ. పన్నులు వసూలు చేసి, బస్సులు నడిపి, జైలు నిర్వహించే ఒక ప్రభుత్వం ఈ మాటను తన మాటగా చెప్పడం అమెరికాలో అదే మొదలు. 2020 మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఇటువంటి తీర్మానాలు వరుసగా వచ్చాయి. 2022 నాటికి వాటి సంఖ్య 200 దాటింది. 2021 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. కూడా జాతివివక్ష ప్రజారోగ్యానికి తీవ్రమైన ముప్పు అని ప్రకటించింది.

ఎక్కడో ఉన్న ఒక స్థానిక ప్రభుత్వ తీర్మానంతో సంఘ కాపరికి ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. తీర్మానం కూడా ఒక గ్రంథభాగమే. దానిలో మానవుని గురించిన ఒక అభిప్రాయం, కీడు గురించిన ఒక సిద్ధాంతం, విడుదల గురించిన ఒక నిరీక్షణ దాగి ఉంటాయి. పైగా మిల్వాకీ చేసిన ప్రయత్నం మన పాప సిద్ధాంతం చాలా కాలంగా తప్పించుకు తిరుగుతున్న విషయం గురించినది. తన సరిహద్దుల్లో కొందరు మిగిలినవారికంటే ముందుగా చనిపోతున్నారని గమనించిన ఒక ఊరు, ఊరుగా, ఆ మరణాల గురించి ఏమి చెప్పాలి? మన ప్రసంగాల్లో పాపాల జాబితా సారాతో మొదలై సినిమాతో ముగుస్తుంది. ఊరు చేసే పాపానికి ఆ జాబితాలో చోటు లేదు. అందుచేత ఈ తీర్మానాన్ని పొగడడానికో తోసిపుచ్చడానికో కాక, మనం బోధించే గ్రంథంతో పక్కపక్కన పెట్టి చదవడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తున్నాను.

తీర్మానం వెనుక ఉన్న ఊరు

మిల్వాకీ నగరం మిషిగన్ సరస్సు ఒడ్డున ఉంది. కర్మాగారాల్లో పనికోసం దక్షిణాది రాష్ట్రాల నుండి వచ్చిన నల్లజాతి కుటుంబాలు నగరపు ఉత్తర భాగంలో స్థిరపడ్డాయి. అది వారు కోరి ఎంచుకున్న స్థలం కాదు. శివారు పట్టణాల్లో ఇళ్ల దస్తావేజుల్లోనే తెల్లజాతి వారికి తప్ప అమ్మరాదనే షరతులుండేవి. 1930లలో కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారు చేసిన పటాల్లో నల్లజాతి వారు నివసించే వీధులకు ఎర్ర రంగు పూశారు. ఎర్ర రంగు పడిన చోట బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనుకాడేవి. అప్పు లేని చోట ఇల్లు మరమ్మతు కాదు, చేతులు మారదు, పిల్లలకు ఆస్తిగా మిగలదు.

నగర కౌన్సిలుకు ఎన్నికైన మొదటి స్త్రీ, మొదటి నల్లజాతి సభ్యురాలు వెల్ ఫిలిప్స్. ఇళ్ల అమ్మకంలో, అద్దెలో జాతివివక్షను నిషేధించే చట్టాన్ని ఆమె 1962లో ప్రతిపాదించారు. కౌన్సిలు దాన్ని 18-1 ఓట్లతో తిరస్కరించింది. ఆ ఒక్క ఓటు ఆమెదే. తర్వాతి సంవత్సరాల్లో ఆమె మళ్లీ మళ్లీ తెచ్చారు, మళ్లీ మళ్లీ అదే ఫలితం. 1967 ఆగస్టు 28న జేమ్స్ గ్రోపీ అనే కేథలిక్ గురువు, ఎన్.ఎ.ఎ.సి.పి. యువజన విభాగం కలిసి ఉత్తర భాగం నుండి 16వ వీధి వంతెన దాటి, తెల్లజాతి వారి దక్షిణ భాగంలోకి నడిచారు. గ్రోపీ స్వయంగా తెల్లజాతి వాడు. వంతెన అవతల వారి మీద రాళ్లు, సీసాలు విసిరిన వేలాదిమందిలో అనేకులు ప్రతి ఆదివారం పూజకు హాజరయ్యే కేథలిక్కులే. ఈ సంగతిని సంఘ చరిత్ర పాఠంలో చేర్చవలసి ఉంది. ఆ నడక 200 రాత్రులు సాగింది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగి, కేంద్రంలో గృహ చట్టం వచ్చిన తర్వాతే, అదే నెల 30న నగర కౌన్సిలు లొంగింది. గ్రోపీ తర్వాత గురుత్వం విడిచి, కౌంటీ రవాణా సంస్థలో బస్సు డ్రైవరుగా పనిచేశారు. 1985లో మరణించారు. ఆయన దాటిన వంతెనకు 1988లో ఆయన పేరు పెట్టారు.

2019 తీర్మానం ఈ నేలలో మొలిచింది. ఇంకొక సంగతి కూడా గమనించాలి. మిల్వాకీ కౌంటీకి సొంత ప్రజారోగ్య శాఖ లేదు. కౌంటీలో 19 పురపాలక ప్రాంతాలున్నాయి. టీకాలు, అంటువ్యాధులు, సీసం పరీక్షలు వాటి ఆరోగ్య శాఖల పని. కౌంటీ చేతిలో ఉన్నవి బస్సులు, పార్కులు, జైలు, విమానాశ్రయం, మానసిక ఆరోగ్య సేవలు. ఆరోగ్య శాఖ లేని ప్రభుత్వం ఆరోగ్య సంక్షోభాన్ని ప్రకటించడం పైకి వింతగా కనిపిస్తుంది. నా దృష్టిలో తీర్మానపు మొదటి బలం అదే. మనిషి ఆయుష్షు ఆసుపత్రిలో కంటే ముందు అద్దె ఇంట్లో, బస్సు రాని వీధిలో, జైలు గదిలో తరిగిపోతుందని అది ఒప్పుకొన్నట్టయింది.

రోగం అనే మాట

తీర్మానపు వాదం స్థూలంగా ఇది. జాతి అనేది సమాజం కల్పించిన విభజన, దానికి జీవశాస్త్ర ఆధారం లేదు. కనుక నల్లజాతి శిశువులు ఎక్కువగా చనిపోవడానికి కారణం వారి దేహాల్లో లేదు. ఇల్లు, చదువు, ఉద్యోగం, న్యాయవ్యవస్థల్లో సాగుతున్న వివక్షే ఆ కారణం. కౌంటీ తన విధానాలన్నిటినీ ఈ దృష్టితో పరీక్షించుకొని, ఉద్యోగులకు శిక్షణ ఇచ్చి, ఎప్పటికప్పుడు నివేదించాలి. 2020లో ఈ సంకల్పాన్ని ఆర్డినెన్సుగా కూడా మార్చారు.

ఈ వాదం ఎంత దూరం నడిచి వచ్చిందో తెలియాలంటే వైద్యం గతంలో చేసిన పనిని జ్ఞాపకం చేసుకోవాలి. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే దక్షిణాది వైద్యుడు, యజమానుల నుండి పారిపోవాలనే కోరిక బానిసలకు పట్టే ఒక మానసిక రోగమని ప్రతిపాదించి దానికి ఒక గ్రీకు పేరు కూడా పెట్టాడు. 1896లో ప్రుడెన్షియల్ బీమా సంస్థ గణాంక నిపుణుడు ఫ్రెడరిక్ హాఫ్‌మన్, నల్లజాతి వారి మరణాల లెక్కలన్నీ పేర్చి, ఈ జాతి స్వభావసిద్ధంగానే నశించిపోతున్నదని తేల్చాడు. డబ్ల్యు.ఇ.బి. డుబోయ్ 1899లో ఫిలడెల్ఫియా గురించిన అధ్యయనంలో, మళ్లీ 1906లో అట్లాంటా విశ్వవిద్యాలయ అధ్యయనంలో అటువంటి లెక్కలనే తీసుకొని, మరణాలకు కారణం జాతి కాదు, బ్రతుకు పరిస్థితులని చూపించారు. ఒకే అంకె హాఫ్‌మన్ చేతిలో తీర్పు, డుబోయ్ చేతిలో ఫిర్యాదు అయింది. మిల్వాకీ కౌంటీ, ఒక ప్రభుత్వంగా, డుబోయ్ పక్షాన నిలబడింది. అది చిన్న విషయం కాదు.

అయినా రోగం అనే మాటలో ఒక చిక్కు ఉంది. రోగానికి బాధితుడు ఉంటాడు గాని కర్త ఉండడు. మలేరియాను ఎవరూ ఓటు వేసి ఆమోదించరు. ఇళ్ల చట్టాన్ని తిరస్కరించిన 18 ఓట్లు మాత్రం చేతులెత్తి వేసినవి. తీర్మానంలో వాక్యాలకు కర్త స్థానంలో ఎక్కువగా కనిపించేది ‘జాతివివక్ష’ అనే నామవాచకమే. జాతివివక్ష కలిగిస్తుంది, జాతివివక్ష నిర్ణయిస్తుంది. కలిగించిన బ్యాంకు, నిర్ణయించిన కౌన్సిలు, లాభపడిన వీధి అక్కడ కనబడవు. ఆ ఓట్లు నగరానివి, కౌంటీవి కావు అని సమాధానం చెప్పవచ్చు. నిజమే. అయితే కౌంటీకి కూడా తనదైన చరిత్ర ఉంది. ఏ బస్సు మార్గం ఎప్పుడు తగ్గించారు, జైలు ఎవరితో నిండింది అన్నది దాని సొంత దస్త్రాల్లోనే దొరుకుతుంది. ఒప్పుకోలు అనే మాటకు మన ఆరాధన క్రమంలో ఒక అర్థం ఉంది. పాపం ఉన్నది అని చెప్పడం ఒప్పుకోలు కాదు, నేను చేశాను అని చెప్పడం ఒప్పుకోలు. దావీదు నాతాను ముందు రాజ్యంలో దౌర్జన్యం పెరిగిపోయిందని విచారం వ్యక్తం చేసి ఊరుకోలేదు.

ఇదే అంశాన్ని నల్లజాతి వైద్యురాలు కమారా జోన్స్ 2000లో ప్రచురించిన ఒక వ్యాసంలో మెరుగైన రీతిలో చెప్పారు. ఆమె చెప్పినది ఉపమానం. ఒక ఇంటి ముందు రెండు పూలతొట్లు. ఒకదానిలో సారవంతమైన మన్ను, మరొకదానిలో రాళ్లు నిండిన పాత మన్ను. తోటమాలికి ఎర్రపూలు ఇష్టం, గులాబి రంగువి ఇష్టం లేదు. ఎర్రపూల విత్తనాలను మంచి మట్టిలో, గులాబి విత్తనాలను చవిటి మట్టిలో చల్లింది. ఏళ్లు గడిచాక ఎర్రపూలు ఏపుగా, గులాబిపూలు వాడిపోయి ఉండడం చూసి, నేను అనుకున్నది నిజమే అన్నది. జోన్స్ అడిగే ప్రశ్న మట్టి గురించి మాత్రమే కాదు, ఆ తోటమాలి ఎవరు అని కూడా. విత్తువాని ఉపమానాన్ని (మార్కు 4) మనం ఎన్నోసార్లు ప్రసంగించాం. రాతినేలను వినేవారి హృదయంగా వివరించాం, అది సరైనదే. కాని ఎవరి పొలంలో రాళ్లు ఎవరు పోశారు అని అడగవలసిన సందర్భాలు కూడా ఉన్నాయని జోన్స్ కథ జ్ఞాపకం చేస్తుంది. మిల్వాకీ తీర్మానం మట్టిని చక్కగా పరీక్షించింది. తోటమాలిని చూడలేదు.

పెద్దలు కొలిచిన దూరం

ద్వితీయోపదేశకాండము 21:1-9లో ఉన్న విధిని మనం అరుదుగా ప్రసంగిస్తాం. పొలంలో ఒక శవం పడి ఉంది. చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలు, న్యాయాధిపతులు బయటికి వచ్చి, ఆ శవం నుండి చుట్టూ ఉన్న పట్టణాలకు దూరం కొలవాలి. ఏ పట్టణం దగ్గరగా ఉంటే ఆ పట్టణపు పెద్దలు, ఇంకా కాడి కట్టని పెయ్యను ఏటి లోయకు తోలుకొనిపోయి దాని మెడ విరగదీయాలి. యాజకులు దగ్గరికి రావాలి. పెద్దలు చేతులు కడుగుకొని, తమ చేతులు ఆ రక్తం చిందించలేదని, తమ కన్నులు చూడలేదని పలికి, క్షమాపణ వేడుకోవాలి.

సాధారణంగా వ్యాఖ్యానకర్తలు పెయ్య దగ్గర ఆగుతారు. నన్ను ఆపేది ఆ కొలత. ప్రార్థనకు ముందు, బలిపశువుకు ముందు, యాజకుడు రాకముందు, ఎవరో నేల మీద తాడు పరచి కొలుస్తున్నారు. దోషి తెలియడం లేదు గనుక బాధ్యత లేదు అని ధర్మశాస్త్రం అనలేదు. దోషి తెలియనప్పుడు బాధ్యత దూరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఆ బాధ్యత రాజుది కాదు, స్థానిక పెద్దలది. చనిపోయినవాడు ఆ పట్టణపు వాడై ఉండనక్కరలేదు. పెయ్య ఖర్చు పట్టణానిదే. స్థానిక ప్రభుత్వ బాధ్యత గురించి పాత నిబంధనలో ఇంత స్పష్టమైన భాగం మరొకటి నాకు కనబడలేదు.

మిల్వాకీలో ఈ కొలత పని చేసిన సందర్భం ఒకటుంది. 2020 ఏప్రిల్ మొదటి వారంలో, కోవిడ్ మరణాలను జాతుల వారీగా లెక్కించి చెప్పిన ప్రాంతాలు అమెరికాలో చాలా తక్కువ. వాటిలో మిల్వాకీ ఒకటి. ఏప్రిల్ 3 నాటికి కౌంటీలో 945 కేసులు, 27 మరణాలు నమోదయ్యాయి. జనాభాలో 26 శాతమైన నల్లజాతి వారు కేసుల్లో సుమారు సగం, మరణాల్లో 81 శాతం ఉన్నారు. ఈ రోగం అందరినీ సమానంగా పట్టుకుంటుందని పెద్దలు, కొందరు బోధకులు కూడా, చెబుతున్న రోజులవి. అందరినీ సమానంగా పట్టుకోవడం లేదని మొట్టమొదట బయటపెట్టిన ఊళ్లలో అదొకటి. ఆ లెక్క ఎవరినీ బ్రతికించలేదు. కాని శవం ఏ పట్టణానికి దగ్గరగా ఉందో అది చూపించింది.

వేదాంతులకు ఈ పని కొత్త కాదు. 1925లో డెట్రాయిట్‌లో ఒషియన్ స్వీట్ అనే నల్లజాతి వైద్యుడు తెల్లజాతి వీధిలో ఇల్లు కొన్నాడు. గుంపు ఇంటి మీదికి వచ్చింది, కాల్పులు జరిగాయి, ఒకడు చనిపోయాడు, వైద్యుడు హత్యా నేరం మీద విచారణ ఎదుర్కొన్నాడు. ఆ తర్వాత నగర మేయరు నియమించిన జాతుల మధ్య సంబంధాల కమిటీకి అధ్యక్షుడు ఒక యువ పాస్టరు. ఆయన రైన్‌హోల్డ్ నీబూర్. ఆ కమిటీ కోసం చేసిన సర్వేలో ఇళ్లు, ఉద్యోగాలు, నేరాలతో పాటు ఆరోగ్యం కూడా ఉంది. మన సెమినరీల్లో నీబూర్‌ను 1932లో వెలువడిన ‘మోరల్ మ్యాన్ అండ్ ఇమ్మోరల్ సొసైటీ’ నుండి మొదలుపెడతాం. వ్యక్తిగా మంచివాడైన మనిషి సమూహంగా ఎందుకు క్రూరుడవుతాడన్న ఆ పుస్తకపు ప్రశ్నకు ముందు ఒక మున్సిపల్ కమిటీ బల్ల, కాగితాల కట్ట ఉన్నాయని విద్యార్థులకు చెప్పడం మంచిది.

అయితే ద్వితీయోపదేశకాండపు విధికీ మిల్వాకీకీ ఒక పెద్ద తేడా ఉంది. ఆ పెద్దలు చేతులు కడుగుకోగలిగారు, తమకు తెలియదని నిజాయితీగా చెప్పగలిగారు. మిల్వాకీ పెద్దలు అలా చెప్పలేరు. ఎర్ర రంగు పటాలు దాచిపెట్టినవి కావు, ఓట్ల లెక్క రికార్డులో ఉంది. తెలిసిన రక్తానికి తెలియని రక్తపు విధి సరిపోదు. అక్కడ జక్కయ్య విధి కావాలి (లూకా 19:8). అన్యాయంగా తీసుకొన్నది లెక్కగట్టి తిరిగి ఇవ్వడం కావాలి. ఇటువంటి తీర్మానాల్లో శిక్షణ, పరీక్ష, నివేదిక అనే మాటలు విస్తారంగా ఉంటాయి. తిరిగి ఇవ్వడం అనే మాట అరుదు.

గోడలో ఉన్న పొడ

లేవీయకాండము 14:33-53లో ఇంటికి పట్టిన కుష్ఠుపొడ గురించి ఉంది. యాజకుడు ఇల్లు ఖాళీ చేయించి చూస్తాడు, ఏడు రోజులు మూయిస్తాడు, పొడ ఉన్న రాళ్లు ఊడదీయిస్తాడు, గోడలు గీకించి ఆ పెళ్లలను ఊరి వెలుపల పారబోయిస్తాడు, వేరే రాళ్లు పెట్టిస్తాడు. మళ్లీ కనబడితే ఇల్లు పడగొట్టిస్తాడు. ఇక్కడ ఇంట్లో ఉన్నవారి పాపం గురించి యాజకుడు ఒక్క మాట అడగడు. పరీక్ష గోడకే.

మిల్వాకీ పాత ఇళ్ల గోడల మీద సీసం కలిసిన రంగు ఉంది. అమెరికాలో ఇళ్లకు ఆ రంగు 1978లో నిషేధించారు గాని అప్పటికే వేసినది పెచ్చులుగా రాలుతూనే ఉంది. నేల కింద సీసపు నీటి గొట్టాలు 70 వేలకు అటూఇటూగా ఉన్నాయని లెక్క. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఆ నష్టం తిరిగి పూడదు. పాత ఇల్లు, మరమ్మతు చేయని యజమాని, పేద అద్దెదారు - ఈ మూడూ కలిసే వీధులు ఆనాటి ఎర్ర రంగు వీధులతో చాలా వరకు సరిపోతాయి. 2018 జనవరిలో, రక్తంలో సీసం ఎక్కువగా ఉన్న పిల్లల కుటుంబాలకు నగర ఆరోగ్య శాఖ సరిగా తెలియజేయలేదని బయటపడి, శాఖాధిపతి రాజీనామా చేశారు. కౌంటీ తీర్మానం వచ్చింది ఆ తర్వాతి సంవత్సరమే. పొడ గోడలో ఉంటే పిల్లవాడిని మాత్రమే పరీక్షించే పద్ధతికి లేవీయకాండం ఒప్పుకోదు. గీకవలసినది గోడ. గీకించే అధికారం, గీకడానికి కూలి ఎవరి దగ్గర ఉన్నాయన్నదే ప్రశ్న.

ఇక్కడే స్థానిక తీర్మానాలు తడబడుతున్నాయి. 2020 జూన్‌లో బోస్టన్ మేయరు ఇటువంటి ప్రకటనే చేసి, పోలీసు ఓవర్‌టైం పద్దు నుండి 1.2 కోట్ల డాలర్లు మళ్లిస్తామన్నారు. ప్రకటనతో పాటు డబ్బు కదపడం మెచ్చదగినదే. కాని తర్వాతి సంవత్సరం పోలీసుల ఓవర్‌టైం ఖర్చు ఆ తగ్గించిన పద్దును దాటిపోయింది. మిల్వాకీ పరిస్థితి మరో రకం. ఖజానా నిండుకున్న నగరానికి, కౌంటీకి 2023లో రాష్ట్ర శాసనసభ 12వ చట్టం ద్వారా అమ్మకపు పన్ను పెంచుకొనే వీలు ఇచ్చింది, షరతులు కూడా పెట్టింది. జాతి ప్రాతిపదికన వ్యక్తులను గాని సమూహాలను గాని ప్రోత్సహించడమే ముఖ్యమైన పనిగా గల ఉద్యోగాలకు పన్నుల సొమ్ము వాడరాదనేది వాటిలో ఒకటి. 2019లో సంక్షోభాన్ని ప్రకటించిన కౌంటీ, నాలుగేళ్ల తర్వాత జీతాలు చెల్లించడం కోసం ఆ నిబంధనకు తల వంచింది.

దగ్గరి పట్టణం బాధ్యత ఒప్పుకొన్నా పెయ్యను కొనే డబ్బు దూరపు పట్టణం దగ్గర ఉంటే ఏమి చేయాలో ద్వితీయోపదేశకాండం చెప్పలేదు. ఇంకా ఘోరం, పెద్దలనే తొలగించడం. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో జనాభాలో సగానికి పైగా నల్లజాతి వారు. రాష్ట్ర గవర్నరు నియమించిన అత్యవసర పాలకుని కింద, 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించడానికి తాగునీటిని ఫ్లింట్ నదికి మార్చారు. అక్టోబరులో జనరల్ మోటార్స్ కర్మాగారం, ఆ నీటికి తన యంత్రభాగాలు తుప్పు పడుతున్నాయని, వాడడం మానేసింది. మనుషులు మరో సంవత్సరం తాగారు. 2017లో ఆ రాష్ట్రపు పౌరహక్కుల కమిషన్ దీనికి మూలం వ్యవస్థాగత జాతివివక్ష అని తేల్చింది. ఎన్నికైన కౌన్సిలు అధికారంలో ఉండి ఉంటే ఈ పని జరిగేది కాదని నేను అనను. కొలవడానికి బయటికి రావలసిన పెద్దలే అక్కడ అధికారం లేనివారయ్యారు.

2025లో మిల్వాకీ ప్రభుత్వ పాఠశాలల పాత భవనాల్లో సీసపు రంగు పెచ్చుల వల్ల పిల్లలకు విషం సోకినట్లు తేలింది. నగర ఆరోగ్య శాఖ సి.డి.సి. సహాయం కోరింది. ఆ ఏప్రిల్‌లో జరిగిన తొలగింపుల్లో పిల్లల సీసం విభాగం సిబ్బందిని తీసివేసినందున, సహాయం చేయలేమని సి.డి.సి. జవాబిచ్చింది. 2021లో జాతివివక్షను ముప్పుగా ప్రకటించిన సంస్థ అదే.

ఏడుగురి పేర్లు

అపొస్తలుల కార్యములు 6:1-7ను పరిచారకుల నియామకం అనే శీర్షిక కింద మాత్రమే చదివితే నష్టపోతాం. గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూస్తున్నారని ఫిర్యాదు వచ్చింది. అది ఆహారం విషయంలో, ఒక గుంపుకు జరిగిన అన్యాయం. అపొస్తలులు ఫిర్యాదుదారుల మనస్తత్వాన్ని విశ్లేషించలేదు, వడ్డించేవారికి శిక్షణ తరగతి పెట్టలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు - అన్నీ గ్రీకు పేర్లే. పాలస్తీనా యూదులకు కూడా గ్రీకు పేర్లుండేవి, అపొస్తలుడైన ఫిలిప్పే సాక్ష్యం. కనుక దీన్ని తిరుగులేని రుజువుగా తీసుకోలేం. అయినా ఏడింటికి ఏడు అలా ఉండడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. నష్టపోయిన గుంపు చేతికే బల్ల అప్పగించారు, తమ సొంత విధవరాండ్ర వంతుతో సహా.

2020లో డేవిడ్ క్రౌలీ మిల్వాకీ కౌంటీ ఎగ్జిక్యూటివ్‌గా ఎన్నికైన మొదటి నల్లజాతి వ్యక్తి అయ్యారు. 2022లో కవలియర్ జాన్సన్ నగర మేయరుగా ఎన్నికైన మొదటి నల్లజాతి వ్యక్తి అయ్యారు. బల్ల చేతికి వచ్చింది. అయితే యెరూషలేము సంఘంలో బల్లతో పాటు దాని మీది రొట్టె కూడా ఏడుగురి అధీనంలోకి వచ్చింది. పై చట్టం చూసినప్పుడు మిల్వాకీలో అలా జరిగిందని చెప్పలేం.

మన రిజిస్టర్లు

2001లో డర్బన్‌లో జరిగిన జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ మహాసభలో దళిత సంస్థలు కులాన్ని చర్చకు తేవాలని కోరినప్పుడు, కులం జాతి కాదని భారత ప్రభుత్వం అడ్డుకొంది. కులం జాతిభేదం నుండి పుట్టిందన్న సిద్ధాంతాన్ని డా. అంబేద్కరు కూడా తిరస్కరించారు. కాని ఆయన కారణం వేరు, కులాన్ని నిర్మూలించడానికి ఆయన ఆ మాట అన్నారు. రెంటినీ ఒకటి చేయకుండానే ఒకదాని నుండి మరొకటి నేర్చుకోవచ్చు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిలు కులవివక్షను నిషేధించింది. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలు చేసే నగరం అది. అక్కడ కులం స్థానిక ప్రభుత్వ విషయమైంది.

ఇక్కడ అది ఎప్పుడూ స్థానిక విషయమే. 1985 జూలైలో కారంచేడులో మారణకాండకు దారితీసిన గొడవ మాదిగపల్లె తాగునీటి చెరువు దగ్గర మొదలైంది. గేదెల కుడితి తొట్టి కడిగిన నీళ్లు ఆ చెరువులో పడడాన్ని ఒక స్త్రీ ప్రశ్నించింది. ఆ వివాదం తాగే నీటి శుభ్రత గురించినది, అంటే నూటికి నూరుపాళ్లు ప్రజారోగ్య విషయం. ఆరుగురు హతులయ్యారు, మిగిలినవారు చీరాలలో తలదాచుకొన్నారు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో తాగునీరు, పారిశుద్ధ్యం, ఆరోగ్యం ఉన్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పిల్లల మరణాలను కులాల వర్గాల వారీగా ప్రచురిస్తున్నది, షెడ్యూల్డు కులాల, తెగల పిల్లల మరణాలు ఇతరుల కంటే ఎక్కువని చూపుతున్నది. అయితే అది దేశపు అంకె, రాష్ట్రపు అంకె. ఏ ఊరి పెద్దలూ దాన్ని చూసి తాడు పట్టుకొని బయటికి రారు.

సంఘాల దగ్గర మాత్రం ఊరి అంకె ఉంది. మిషనరీల కాలం నుండి నడుస్తున్న సంఘాల్లో బాప్తిస్మపు రిజిస్టరుతో పాటు భూస్థాపన రిజిస్టరు ఉంటుంది. పేరు, వయస్సు, తేదీ, కొన్నిచోట్ల మరణ కారణం, ఏ పల్లె అన్నది కూడా రాసి ఉంటుంది. మన సెమినరీల్లో పరిశోధన చేసే విద్యార్థులు ఆ రిజిస్టర్లను మిషను చరిత్ర కోసం తిరగేస్తారు, మొదటి విశ్వాసి ఎవరు, ఏ దొరగారు బాప్తిస్మమిచ్చారు అని. అదే పుస్తకంలో వయస్సు కాలమ్‌ను యాభై ఏళ్ల పాటు వరుసగా కూడి, పల్లెకు, ఊరికి మధ్య తేడా తీసిన పరిశోధన నా దృష్టికి రాలేదు. ఒక పాస్టరేటుకు ఒక విద్యార్థి చాలు. ఆ లెక్కతో పంచాయతీ దగ్గరికి వెళ్లవలసింది పాస్టరు, సంఘ పెద్దలు. అక్కడ ముందుగా అడగవలసినది నీళ్ల ట్యాంకు గురించి, మురుగు కాల్వ ఎటు పారుతున్నదన్న దాని గురించి.